దశదిన కర్మ నాటి సంస్మరణ సభలో తండ్రి గురించి మాట్లాడవలసిన కూతురికి

దేవరకొండ దగ్గరి పల్లెలో మీ నాయన గారు కాలం చేశారని, ఆయన కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారని, దశదిన కర్మ నాడే సంస్మరణ సభ కూడా పెడుతున్నారని రాశారు. కుటుంబం తరఫున మాట్లాడవలసిన తమ్ముడు తన వల్ల కాదనడంతో ఆ బాధ్యత పెద్ద కూతురైన మీ మీద పడిందన్నారు. ఎంతసేపు మాట్లాడాలి, ఏం చెప్పాలి, మధ్యలో ఏడుపు వస్తే ఏం చేయాలి, ఆడపిల్ల మైకు పట్టుకోవడమేమిటని అంటున్న బంధువులకు ఏం జవాబు చెప్పాలి, ఆయనకూ మీ చిన్నాయనకూ భూమి పంపకాల నాటి నుంచి మాటలు లేని సంగతి ఎత్తాలా వద్దా అని అడిగారు. మీకూ మీ అమ్మగారికీ నా సానుభూతి తెలుపుతున్నాను. హైస్కూలులో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి కావడం చేత నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు ఇటువంటి సభలను నడపమని, మాట్లాడబోయేవాళ్లకు రాసిపెట్టమని నన్ను చాలా ఏళ్లుగా పిలుస్తున్నారు. ఆ అనుభవంతో రాస్తున్నాను.

సూటిగా చెప్పవలసినవి ముందు చెబుతాను. మీరే మాట్లాడండి. ఆరేడు నిమిషాలకు మించవద్దు. చూడకుండా చెప్పాలని పట్టుబట్టకుండా కాగితం మీద రాసుకుని చదవండి. మీ నాయన ఎంత గొప్పవారో నిరూపించే పని పెట్టుకోకుండా ఆయన ఏం చేసేవారో, ఏమనేవారో చెప్పండి. చిన్నాయన సంగతి కొంత వివరంగా మాట్లాడుకోవలసింది కనుక దాన్ని చివర్లో చెబుతాను.

ఆడపిల్ల మాట్లాడటం మన పద్ధతి కాదన్న మాటను నేను ఒప్పుకోను. శవం ఇంటి ముందు ఉన్నప్పుడూ, మూడో రోజు పిట్టకు పెట్టేటప్పుడూ, దినం నాడూ, చనిపోయిన మనిషి బతుకును అందరి ముందూ గొంతెత్తి చెప్పేది మన ఊళ్లలో ఎప్పుడూ ఆడవాళ్లే. భార్య, తల్లి, అక్కచెల్లెళ్లు, మేనత్తలు శోకం పెట్టి ఏడుస్తున్నప్పుడు మగవాళ్లు పక్కకు జరిగి వాడకట్టు చివర నిలబడతారు గానీ, నిలబడి వింటే ఆ రాగంలో ఒక మనిషి చరిత్ర అంతా వినబడుతుంది. ఎవరి పెళ్లికి ఎడ్లు అమ్మాడో, బోరు ఎండిన ఏడు ఎక్కడికి కూలికి పోయాడో, ఆడబిడ్డను పండుగకు తోలుకొని రావడానికి ఎంత ఎండలో నడిచి పోయాడో అన్నీ అందులో ఉంటాయి. ‘నీ సద్ది ఎవరికి గట్టాలె కొడుకా, నీ కండువ ఎవరి భుజాన ఎయ్యాలె’ అని ఒక ముసలి తల్లి ఏడిస్తే, అందులో మంచివాడన్న మాట ఎక్కడా లేకపోయినా, పొద్దున్నే సద్ది పట్టుకుని పొలానికి పోయే ఆ కొడుకు చుట్టూ ఉన్నవాళ్లకు కళ్ల ముందు కనబడతాడు. మైకు వచ్చిన తరువాత, కుర్చీలు వేసి సభ అని పేరు పెట్టిన తరువాత, ఆ పనిని మగవాళ్ల చేతికి ఇచ్చాం. ఇచ్చిన తరువాత ఆ మాటల్లోంచి సద్ది, కండువ పోయి విశేషణాలు మిగిలాయి. కాబట్టి మీరు మాట్లాడటం కొత్త పద్ధతి ఏమీ కాదని మీ బంధువులకు నిస్సంకోచంగా చెప్పండి. వీలైతే మీ అమ్మగారినీ మేనత్తనూ కూడా అడగండి. మైకు ముందుకు రావడం ఇష్టం లేకపోతే వాళ్లు కూర్చున్న చోటికే మైకు తీసుకుపోయి రెండు మాటలు చెప్పించవచ్చు. వద్దంటే బలవంతపెట్టకండి, కానీ అడగకుండా మాత్రం ఉండవద్దు.

శోకానికీ ప్రసంగానికీ ఉన్న ఒక తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి. శోకం పోయినవాళ్లను పిలిచి వాళ్లతోనే మాట్లాడుతుంది; ప్రసంగం ఎదురుగా కూర్చున్నవాళ్లతో మాట్లాడాలి. ఫొటో వైపు తిరిగి ‘నాయనా, మమ్మల్ని విడిచి ఎట్లా పోయావు’ అని మొదలుపెడితే నాలుగు వాక్యాల తరువాత మీకూ గొంతు పెగలదు, వినేవాళ్లకూ ఆయన గురించి కొత్తగా ఏమీ తెలియదు. మీరు జనం వైపే తిరిగి, వాళ్లలో కొందరికి తెలిసిన, చాలామందికి తెలియని మనిషిని వాళ్లకు చూపించండి.

ఏ మాట ఎప్పుడు చెప్పాలన్నది కూడా తెలిసి ఉండాలి. అంత్యక్రియల నాడు శ్మశానం దగ్గర పెద్ద ప్రసంగం పనికిరాదు. దూరం నుంచి వచ్చినవాళ్లు, పొద్దు గుంకకముందే పని కావాలన్న తొందర, డప్పుల చప్పుడు, అలసట, వీటి మధ్య ఎవరైనా పెద్దమనిషి రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. అస్థికలు కలపడానికి వాడపల్లి సంగమానికో, సాగర్‌కో, పాలమూరు వైపు అయితే బీచుపల్లికో సోమశిలకో పోయినప్పుడు అక్కడ కావలసింది కర్మకాండే, మాటలు కావు. కుదురుగా కూర్చుని వినగలిగేది దినం నాటి సభలోనే. సూర్యాపేట, నకిరేకల్, మిర్యాలగూడ వైపు కమ్యూనిస్టు కుటుంబాల్లో మాత్రం మొదటి రోజు నుంచే మాటకు పెద్ద స్థానం ఉంది. ఎర్రజెండా కప్పడం, పాట, సహచరుల ప్రసంగాలు అన్నీ అంతిమయాత్రలో భాగంగానే సాగుతాయి. 2022 మార్చి 19న తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం గారు మరణించినప్పుడు ఆమె పార్థివదేహాన్ని నల్లగొండ వైద్య కళాశాలకు అప్పగించారు. అటువంటి సందర్భంలో చితి గానీ సమాధి గానీ ఉండవు కనుక జనం చెప్పుకునే మాటలే తుది వీడ్కోలు అవుతాయి. దేవరకొండ, జడ్చర్ల వైపు మెన్నొనైట్ క్రైస్తవ సంఘాల్లోనూ, నల్లగొండ వైపు బాప్టిస్టు సంఘాల్లోనూ భూస్థాపన ఆరాధనలో కుటుంబం మాట్లాడేది ఎప్పుడో ముందే పాస్టరు గారిని అడిగి తెలుసుకోవాలి. ముస్లిం మిత్రుల ఇళ్లలో జనాజా నమాజు నిలబడి చేసే ప్రార్థన, ఖననం ఆలస్యం చేయరు, అక్కడ స్మృతి ప్రసంగానికి చోటు ఉండదు. చెప్పవలసింది ఏమైనా ఉంటే తరువాత ఇంటికి వెళ్లి కుటుంబంతో కూర్చుని చెప్పడమే మర్యాద. మీ సభకు అన్ని వర్గాల వాళ్లూ వస్తారని రాశారు కనుక ఈ మాత్రం తెలిసి ఉండటం మంచిది.

ఇక అసలు పని సమాచారం కూడగట్టుకోవడం. దీనికి రెండు మూడు సాయంత్రాలు పెట్టండి. పరామర్శకు వచ్చినవాళ్లు ఎట్లాగూ ఆయన గురించే మాట్లాడతారు. మీరు పక్కన కూర్చుని వినండి, వాళ్లు పోయిన తరువాత నోటుబుక్కులో రాసుకోండి. ‘మా నాయన ఎట్లాంటివాడు’ అని అడగకండి, ఆ ప్రశ్నకు ఎవరైనా ‘దేవుడసొంటి మనిషి’ అనే చెబుతారు. దానికి బదులు, ఆయనను మొదటిసారి ఎక్కడ చూశారు, చివరిసారి కలిసినప్పుడు ఏం మాట్లాడుకున్నారు, ఏ విషయంలో ఆయనకు కోపం వచ్చేది, ఎవరికీ తెలియకుండా చేసిన పని ఏదైనా ఉందా అని అడగండి. పిల్లలకు తెలియని తండ్రి ఆయనతో పనిచేసినవాళ్లకు తెలిసి ఉంటాడు. మీ నాయనతో పాటు స్తంభాలు ఎక్కిన హెల్పర్లు, సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా ఉన్నవాళ్లు, ఆయన చిట్టీ కట్టిన కిరాణా దుకాణం యజమాని, రోజూ చాయ్ తాగిన హోటలతను, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క దొరుకుతుంది. పాలమూరు నుంచి వలస కూలికి పోయినవాళ్ల విషయంలోనూ, మన నేతన్నలు భీవండికి పోయి మరమగ్గాల మీద బతికిన విషయంలోనూ ఇంటివాళ్లకు తెలిసింది మనిషి జీవితంలో సగమే; మిగతా సగం కోసం ఆ ఊళ్లో పక్క గదిలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవలసి వస్తుంది.

ఈ కూడగట్టిన దాంట్లో సంవత్సరాలను సరిచూసుకోండి. మన ప్రాంతంలో పెద్దవాళ్లు పోయినప్పుడు ఎవరో ఒకరు ప్రేమకొద్దీ ‘తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్నారు’ అని ప్రకటిస్తారు. ఆ పోరాటం 1946 నుంచి 1951 వరకు సాగింది. 1948లో పుట్టిన మనిషి అందులో తుపాకి పట్టడం కుదరదు గదా. అదే మనిషి 1969 ఉద్యమంలో విద్యార్థిగా ఉండి ఉండవచ్చు, అది చెప్పుకోదగిన సంగతే, కానీ చెప్పే ముందు అప్పటి స్నేహితుణ్ణి ఒకసారి అడగాలి. సభలో నిజం తెలిసిన వృద్ధుడు ఒక్కడున్నా, ఆ ఒక్క మాట పొల్లు పోవడంతో మిగతా నిజాల మీద కూడా నమ్మకం సడలుతుంది. కాగితాలు లేనివాళ్ల పుట్టిన ఏడు పట్టుకోవడానికి ఊరి జ్ఞాపకాలే ఆధారం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో పునాదిరాయి పడింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. కృష్ణా పుష్కరాలు 1992లో, 2004లో, 2016లో వచ్చాయి. ‘కాలువకు నీళ్లు వచ్చిన ఏడు నీకు ఎన్నేండ్లు’ అని అడిగితే చదువురాని అవ్వ కూడా లెక్క చెప్పగలదు. అట్లాగే, జిల్లాలు 2016 అక్టోబరులో విడిపోయాయి కనుక అంతకు ముందరి సంగతులు చెబుతున్నప్పుడు ఉమ్మడి నల్లగొండ జిల్లా అనడం పాత సహోద్యోగులకు తేలిగ్గా అర్థమవుతుంది.

మీ నాయన గారి విషయానికి వస్తే, తలుపు వెనక మేకుకు ఎప్పుడూ ఒక సంచి వేలాడేదని, పిల్లలను దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదని ఒకే వాక్యంలో రాసి ముందుకు వెళ్లారు. అంతకన్నా మంచి మొదలు మీకు దొరకదు. ‘మా నాయన నిజాయితీకి, నిబద్ధతకు మారుపేరు’ అని మొదలుపెడితే ఆ వాక్యాన్ని ఏ ఊళ్లోనైనా ఏ ఫొటో ముందైనా చదవవచ్చు. దానికి బదులు ఇట్లా చెప్పి చూడండి:

‘వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు 2018 జనవరి ఒకటి నుంచి వచ్చింది. అంతకు ముందు వంతుల కరెంటు. మన ఊరికి రాత్రి వంతు వచ్చిన వారంలో మా ఇంటి తలుపు ఏ జామునైనా కొట్టేవాళ్లు. ఫ్యూజు పోయింది సార్ అని వినబడగానే నాయన లోపలి నుంచే అరిచేవాడు, ట్రాన్స్‌ఫార్మర్ ముట్టకుండ్రి, నేను వస్తున్న అని. ఆ తరువాతే చెప్పులు వెతుక్కునేవాడు. తలుపు వెనక సంచిలో ప్లయరు, టెస్టరు, రబ్బరు తొడుగులు, ఒక బ్యాటరీ లైటు ఉండేవి. దాన్ని ఎవరు ముట్టినా ఊరుకునేవాడు కాదు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ, అంటే లైన్‌లో కరెంటు ఆపామన్న లైన్ క్లియర్, తీసుకోకుండా ఎంత పెద్దమనిషి చెప్పినా స్తంభం ఎక్కేవాడు కాదు, పక్కవాణ్ణి ఎక్కనిచ్చేవాడు కాదు. పైరు ఎండుతున్నదని రైతులు కోపం చేసినా పడేవాడు. ఇవాళ ఇక్కడ కూర్చున్న రైతుల్లో, ఆయన అట్లా ఆపినవాళ్లు ఉన్నారు.’

ఇది నమూనా మాత్రమే. మీ ఇంట్లో జరిగినట్టుగా, మీ మాటల్లో మార్చుకోండి. జరగని సంగతి ఒక్కటి కూడా ఇందులో మిగల్చవద్దు. ఈ ముక్కలో బాధ్యత, ధైర్యం, సేవాభావం అన్న పేర్లు ఎక్కడా లేవు, వాటి అవసరమూ లేదు. ఫ్యూజు వేయబోయి ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర రైతులు చనిపోయిన ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి కనుక, ఎల్‌సీ అన్న ఒక్క మాటతోనే ఆయన కాపాడింది ఏమిటో వినేవాళ్లకు తెలుస్తుంది. ఆయన మాటలను ఆయన యాసలోనే చెప్పండి. మిగతా ప్రసంగం మీరు మామూలుగా పెద్దల ముందు మాట్లాడే తెలుగులో ఉంటే చాలు. పుస్తకాల భాష పట్టుకుంటే మీ నోటికి అలవాటు లేక తడబడతారు.

ఇటువంటి సంగతులు రెండు, ఎక్కువైతే మూడు చాలు. ఒకటి ఆయన పని నుంచి, ఒకటి ఇంటి నుంచి, ఒకటి ఆయన మీకు నేర్పినదాని నుంచి తీసుకోవచ్చు. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, ఉద్యోగంలో చేరిన ఏడు, పిల్లలు, మనుమలు, ఈ వివరాలను సభ నడిపేవారు ముందే చదువుతారు కాబట్టి మీ ప్రసంగంలో మళ్లీ చెప్పకండి. పద్యం చదవాలన్న కోరిక ఉంటే, అది మీ నాయనకు నోటికి వచ్చిన పద్యమైతేనే చదవండి. ఆయనకు సంబంధం లేని శ్లోకం ఎంత గంభీరంగా ఉన్నా ఆయన గురించి ఏమీ చెప్పదు. పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని అందరూ అంటారు, మీరూ ఒకసారి అనవచ్చు, కానీ దానితోనే సరిపెట్టవద్దు.

మంచే చెప్పాలి, చెడు చెప్పకూడదు అంటారు. పోయిన మనిషి తిరిగి జవాబు చెప్పలేడు కనుక ఆ కట్టుబాటులో న్యాయం ఉంది, నేనూ దాన్ని పాటిస్తాను. అయితే చెడు చెప్పకపోవడం వేరు, లేని మంచి చెప్పడం వేరు. తాగుడుతో ఇంటిల్లిపాదినీ ఏడిపించిన మనిషిని ఆదర్శ గృహస్థుడని మైకులో పొగిడితే, ఎదురుగా కూర్చున్న భార్య తన కష్టమంతా ఎవరూ చూడలేదన్నమాట అనుకుంటుంది. ఆమె ముందు ఆ మాట అనడం క్రూరత్వం. అటువంటి చోట ఆయన చేసిన నికరమైన మంచిని ఒక్కదాన్ని చెప్పి, ఆ ఇంటిని నిలబెట్టినందుకు ఆమెకు అందరి ముందు నమస్కారం పెట్టి ముగించాలి. కోపిష్టి మనిషిని కోపిష్టి అనవచ్చు. ఊరందరికీ తెలిసిన సంగతిని ప్రేమతో చెబితే ఎవరూ నొచ్చుకోరు, పైగా మనిషి నిజంగా కళ్లకు కడతాడు. మీ నాయన ముక్కుసూటిగా మాట్లాడి చాలామందిని దూరం చేసుకున్నారని రాశారు, ఆ మాట మీరు తప్పకుండా చెప్పండి.

చెప్పకూడనివి కొన్ని ఉన్నాయి. అప్పుల లెక్కలు, కోర్టు కేసులు, ఆసుపత్రిలో ఎవరి నిర్లక్ష్యం ఎంత అన్న వాదన, ఆస్తి ఎవరికి ఏమిచ్చారు అన్న ప్రస్తావన సభలోకి రాకూడదు. చివరి రోజుల జబ్బును కూడా ఒకటి రెండు వాక్యాల్లో దాటవేయండి; డెబ్బై ఏళ్లు బతికిన మనిషిని చివరి ఇరవై రోజుల మంచంతో గుర్తుపెట్టుకునేట్టు చేయడం అన్యాయం. మీది కాని సందర్భమైనా, చదివే మరొకరికి పనికివస్తుందని ఇంకొక్క మాట రాస్తాను. మనిషి తన ప్రాణం తానే తీసుకున్న ఇంట్లో మాట్లాడవలసి వస్తే, ఎట్లా చేసుకున్నాడన్నది ఒక్క ముక్క కూడా చెప్పకూడదు, కారణం ఇదీ అని ఒకరి మీద వేలు చూపకూడదు, అతను కష్టాల నుంచి విముక్తి పొందాడన్న ధోరణి అసలే రాకూడదు. ఆ సభలో అదే కష్టంలో ఉన్నవాడు ఇంకొకడు వింటూ ఉంటాడు.

సభ ఏర్పాట్ల గురించి కొంత గట్టిగా చెబుతాను. సభను భోజనాలకు ముందే పెట్టండి. వంటలు అయిపోయి విస్తర్లు వేసిన తరువాత ఎవరి ధ్యాసా మాటల మీద ఉండదు, అది వాళ్ల తప్పు కాదు, దూరం నుంచి ఆకలితో వచ్చి ఉంటారు. మాట్లాడేవాళ్లు ఐదారుగురు చాలు. కుటుంబం నుంచి మీరు, ఆయనతో పనిచేసినవాళ్లు ఒకరు, ఊరి నుంచి ఒకరు, స్నేహితుల్లో ఒకరు ఉండేట్టు చూడండి. నాయకులు వస్తామన్నా వాళ్ల కోసం మొదలు ఆపకండి, వచ్చినప్పుడు పూలు వేసి రెండు మాటలు మాట్లాడి పోతారు. మీరు మొదట గానీ చివర గానీ కాకుండా రెండో వారిగా మాట్లాడితే మేలు. మొదటివారు మాట్లాడేలోపు జనం సర్దుకుంటారు, చివరి దాకా ఆగితే మీ గుండెదడ పెరుగుతుంది. రికార్డులో భగవద్గీత వేసి ఉంటే మీరు లేచే ముందే పూర్తిగా ఆపించండి, సన్నగా పెట్టినా మైకులో కలిసిపోతుంది. మౌనం పాటించమన్నప్పుడు గడియారం చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

ఏడుపు గురించి భయపడకండి. తండ్రి గురించి మాట్లాడుతూ కూతురు ఏడిస్తే ఎవరూ తప్పుపట్టరు. రాసిన కాగితాన్ని పెద్ద అక్షరాలతో, వరుసల మధ్య ఎడం వదిలి, ఒకవైపే రాసుకోండి, కళ్లలో నీళ్లు ఉన్నా కనబడాలి. ఇంట్లో కనీసం మూడు నాలుగుసార్లు పైకి చదవండి. ప్రతిసారీ గొంతు ఒకే చోట పట్టేస్తుందని మీరే గమనిస్తారు. ఆ వాక్యాన్ని కొట్టేయకండి. దాని ముందు ఒక గీత గీసుకుని, సభలో ఆ గీత దగ్గర ఆగి, నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని అప్పుడు చదవండి. గొంతు పూర్తిగా పోతే మాట్లాడే ప్రయత్నం చేయకుండా ఊరికే నిలబడండి, జనం ఆగుతారు. ఇంకొక ప్రతి మీ తమ్ముడికో పిల్లల్లో ఒకరికో ఇచ్చి పక్కన నిలబెట్టుకుంటే, మీరు ఆపిన చోటు నుంచి వాళ్లు చదవగలరు. మైకు ముందు నిలబడలేనన్న మీ తమ్ముడికి ఇది చేతనైన పనే కావచ్చు, ఒకసారి అడిగి చూడండి.

కృతజ్ఞతలు మీ ప్రసంగం చివర్లోనే చెప్పండి, ఇంకొకరికి వదలకండి. ఆసుపత్రిలో రాత్రిళ్లు కాపలా ఉన్నవాళ్లను, మొదటి రోజు పొయ్యి వెలగని మీ ఇంటికి అన్నం తెచ్చిన పక్కింటివాళ్లను, కట్టెలు పేర్చినవాళ్లను, డప్పు కొట్టినవాళ్లను, పాడె మోసినవాళ్లను తలుచుకోండి. మామూలుగా వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివి ఈ పనులు చేసినవాళ్లను మరిచిపోతారు. వాళ్లు అక్కడే వెనక వరుసలో నిలబడి ఉంటారు.

ఇప్పుడు మీ చిన్నాయన సంగతి. తగవును మైకులో ఎత్తవద్దు, రాజీని కూడా మైకులో ప్రకటించవద్దు. ‘ఈ సభలో మా చిన్నాయన మా పాత కోపాలన్నీ మరిచి మాతో కలవాలని కోరుతున్నాను’ అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, నలుగురి ముందు ఆయనను ఇరుకున పెట్టినట్టవుతుంది. ఒప్పుకుంటే లొంగిపోయినట్టు, లేచిపోతే అన్న దినం నాడు కూడా పగ వదలనివాడన్నట్టు మిగులుతాడు. అట్లాగని ఆయన లేనట్టే మాట్లాడటం కూడా సరికాదు. ఒకే కంచంలో తిని పెరిగిన అన్నదమ్ముల చిన్నతనం చెప్పకుండా మీ నాయన కథ మొదలే కాదు. ఇద్దరూ కలిసి దేవరకొండ ఖిల్లా ఎక్కిన రోజుల గురించి మీ నాయన చెప్పేవారని రాశారు గదా, ఆ ముక్కను ఆయన చెప్పినట్టుగానే, తరువాతి కోపాలకు ముడిపెట్టకుండా చెప్పండి. అయితే అది చదివే హక్కు మీకు ఉన్నా, సభకు ముందు రోజు మీరూ మీ అమ్మగారూ ఆయన ఇంటికి వెళ్లండి. పిలుపు చెప్పడానికి ఎట్లాగూ వెళ్లాలి. ఆ ముక్కను ఆయనకు చదివి వినిపించి, సభలో చెప్పమంటారా అని అడగండి. భూమి ఊసు ఆయన ఎత్తినా మీరు అందుకోకండి, దానికి వేరే రోజు ఉంది. సరే అంటే చదవండి, ఏదైనా తప్పుగా ఉందని ఆయన దిద్దితే ఆ దిద్దుబాటును తీసుకోండి, ఆ రోజుల గురించి మీకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. వద్దంటే ఆ పేజీ పక్కన పెట్టండి. ఆయన ఏమన్నా సరే, సభ మొదట్లో చదివే కుటుంబ సభ్యుల వరుసలో, మీ మేనత్తల పేర్ల పక్కన, తమ్ముడిగా ఆయన పేరు ఉండాలి. ఆ వరుస రాసే కాగితం మీ చేతిలోనే ఉంచుకోండి.